బండితో పాటు వచ్చిన టిక్కు

మా తాతయ్యకి లోకంలో ఎవరూ కంటికి ఆనరు. డాక్టర్లకి నాడి చూడ్డం రాదు, మేస్త్రీలకి గోడ కట్టడం రాదు, టీవీలో వార్తలు చదివే అమ్మాయికి నోరు తెరవడం రాదు. నాకు ఏమేం రావో చెప్పడానికి మాత్రం ఒక పూట చాలదు. పొద్దున టీ తాగేటప్పుడు కొన్ని చెబుతాడు, సాయంత్రం టీ తాగేటప్పుడు మిగిలినవి.

ఇందులో ఆయన తప్పు కన్నా ఆయన చెవి తప్పే ఎక్కువ. తాతయ్య రైల్వేలో చక్రాలు తట్టే ఉద్యోగం చేశాడు. రైలు స్టేషన్లో ఆగగానే పొడుగు పిడి సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ వెళ్ళాలి. మంచి చక్రం గంటలా మోగుతుంది. లోపల చీలిన చక్రం పగిలిన కుండలా దబ్బుమంటుంది. తాతయ్య "ఊఁ" అంటే రైలు కదిలేది. "ఊహూఁ" అంటే డ్రైవరూ గార్డూ లోపలున్న పెద్దపెద్ద ఆఫీసర్లూ అందరూ చేతులు కట్టుకుని కూచోవలసిందే. అంత పెత్తనం చెవిలో పెట్టుకుని తిరిగిన మనిషి రిటైరైతే ఊరికే ఉంటాడా? తట్టడానికి రైళ్ళు లేక ఇంట్లో వస్తువుల మీద పడ్డాడు. గిన్నెలు తట్టేవాడు, తలుపులు తట్టేవాడు, కొత్త మంచం తెస్తే తెచ్చినవాళ్ళ ముందే నాలుగు కోళ్ళూ తట్టి "తీసుకుపోండి" అనేవాడు. నేను పదో తరగతి రెండోసారి తప్పిన రోజున దగ్గరికి పిలిచి, వేలి కణుపుతో నా నడినెత్తిన రెండు దెబ్బలు తట్టి, తల పక్కకి వంచి విన్నాడు.

"చీలిక లేదు," అన్నాడు అమ్మమ్మతో. "ఒట్టి బోలు. దీన్ని బడికి పంపడం దండగ."

అక్కడితో నా చదువు అయిపోయింది. పైకి మూతి ముడుచుకున్నా లోలోపల ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను. అమ్మా నాన్నా ఉద్యోగాల పేరుతో ఊళ్ళు మారుతుంటారు కాబట్టి నేను చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు రెండు వీధుల అవతల జిరాక్స్ షాపులో పని చేస్తున్నాను. "కాగితం మిషనే లాక్కుంటుంది, మిషనే కక్కుతుంది. మధ్యలో నువ్వెందుకే?" అంటాడు. నిజమే, నాకూ ఎప్పుడూ అర్థం కాలేదు.

తాతయ్యకి ఒక మోటార్ సైకిల్ ఉంది. ఆ బండి ఆయనది కాదు, ఆయన తోడల్లుడిది. అంటే అమ్మమ్మ వాళ్ళ అక్క మొగుడిది. నేను పెద్ద తాతయ్య అంటాను. ఆయన గుడ్డల మిల్లులో మగ్గాల మీద మేస్త్రీగా చేశాడు, కొండ అవతలి ఊళ్ళో ఉంటాడు. నేను పుట్టకముందెప్పుడో ఆ బండిని తాతయ్యకి అమ్మాడు. తాళం చేతిలో పెడుతూ ఒక మాటన్నాడట. "తమ్ముడూ, ఇంజన్లో పైన ఒక చిన్న టిక్కు ఉంది. టిక్ టిక్ మంటూ ఉంటుంది. నా వల్లే కాలేదు, నీ వల్ల అసలే కాదు. అలవాటు చేసుకో."

"రైళ్ళకి రైళ్ళే ఆపిన చెవి అన్నయ్యగారూ ఇది," అన్నాడట తాతయ్య. "మీ టిక్కెంత, దాని బతుకెంత? దాన్ని తీసేసి, బండి మీ గుమ్మం ముందుకు తెచ్చి వినిపిస్తాను. అందాకా మీ గడప తొక్కను."

'అన్నయ్యగారూ' అన్న మాటని మా తాతయ్య అనే తీరు చూడాలి. మర్యాదని అంత బలంగా విసిరి కొట్టేవాళ్ళని నేనింకెవర్నీ చూడలేదు.

అన్న మాట ప్రకారమే గడప తొక్కలేదు. అమ్మమ్మ అక్కని చూడాలంటే ఒక్కతే కొండ చుట్టూ తిరిగే బస్సెక్కి వెళ్తుంది. టిక్కు కూడా అన్న మాట ప్రకారమే ఉండిపోయింది.

మా వైపు వానలు మొదలయ్యాయంటే కొండ రోడ్డు బురద కొట్టుకుపోతుంది. మళ్ళీ ఆరేదాకా బండి తీసే పని లేదు. ఆ నెలలన్నీ తాతయ్య షెడ్డులోనే. షెడ్డంటే ఇంటి పక్కన రేకులు కప్పిన గది. కారు కోసం కట్టించారు, కారు రాలేదు. అందులో అమ్మమ్మ పాత దుప్పటి పరిచి, దాని మీద బండిని ముక్కలు ముక్కలుగా విప్పి పెడతాడు. జామ్ సీసాల మూతల్లో నట్లు, బోల్టులు. మేం పళ్ళు తోముకుని పారేసిన బ్రష్షులన్నీ కిరసనాయిలు డబ్బాలో నిలబడి ఉంటాయి. ఒక్కో ముక్కనీ తోమి, తుడిచి, దారం కట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి వింటాడు. ఏ మెకానిక్కూ అలా చెయ్యడు. "వాళ్ళకి చెవులెక్కడివి? కళ్ళద్దాలకి కొక్కేలు," అంటాడు.

అన్నీ బిగించాక ఇంజన్ స్టార్టు చేస్తాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి చెవి మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. రేకుల మీద వాన పడుతుంటే మాత్రం ఏమీ వినపడి చావదు. అప్పుడు వాననీ తిడతాడు. "కాసేపు నోరు మూసుకోలేదూ! పనీ పాటా లేని వాన!" వాన తెరిపిచ్చాక మళ్ళీ వింటాడు. టిక్ టిక్ టిక్. గుడ్డ విసిరికొట్టి లోపలికొస్తాడు.

"ఏమైందండీ?" అంటుంది అమ్మమ్మ.

"ఏడిసింది."

ఏటేటా ఇదే తంతు. రోడ్డు ఆరాక అందరూ బళ్ళు తీసి కొండెక్కుతారు. మా తాతయ్య మాత్రం కొండకి వీపు తిప్పి, పెట్రోలు బంకు దాకా వెళ్ళి తిరిగొస్తాడు. బండి నడపడానికి కాదు, వచ్చే వానల్లో ఏం విప్పాలో తేల్చుకోవడానికి.

అలాంటిది, పోయినేడాది వానల మధ్యలో ఒక మధ్యాహ్నం షెడ్డులోంచి కేక వినిపించింది. "ఏమే! ఇద్దరూ రండి!"

కాలో చెయ్యో చైన్లో పెట్టుకున్నాడేమోనని పరిగెత్తాం. బండి నడుస్తోంది. తాతయ్య పక్కన నిలబడి ఉన్నాడు. ముక్కు మీద గ్రీజు. మొహం చూస్తే భయమేసింది, ఎందుకంటే నవ్వుతున్నాడు. ఆ మొహానికి నవ్వడం అలవాటు లేక ఎటు పోవాలో తెలియనట్టుంది.

"పోయింది," అన్నాడు. "వినండి. పోయింది."

విన్నాం. గుడగుడమని ఇంజన్, దాని నెత్తిన కుట్టు మిషను సూదిలా స్పష్టంగా టిక్ టిక్ టిక్.

"ఎక్కడ పోయింది తాతయ్యా, ఇంకా..." అన్నానో లేదో, అమ్మమ్మ నా మోచేతి వెనక కండ పట్టుకుని మెలితిప్పింది. అది గిచ్చడం కాదు, పీకడం.

"ఎంత హాయిగా ఉందండీ చెవికి," అంది అమ్మమ్మ.

"మరి! ఎవరనుకున్నావు?"

టిక్ టిక్ టిక్ అంది బండి.

వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాక అమ్మమ్మ చెప్పింది. తాతయ్య చెవిలోంచి సన్నటి చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటిగా వెళ్ళిపోతున్నాయట. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత తలుపు బెల్లు పోయింది. లావు చప్పుళ్ళు, లారీలు, ఉరుములు, నా గొంతు, ఇవన్నీ బాగానే వినపడతాయి. బెల్లు మోగినప్పుడల్లా అమ్మమ్మ ఆయన ఎదుటికెళ్ళి "ఎవరో వచ్చినట్టున్నారండీ" అంటుంది. ఆయన "నాకు తెలుసులే, విన్నాను" అని విసుక్కుంటూ లేస్తాడు. రెండేళ్ళుగా ఈ నాటకం నడుస్తోందిట. నాకు తెలియనే తెలియదు. బోలు బుర్ర అని ఊరికే అన్నాడా.

"చెప్పేద్దాం అమ్మమ్మా. టిక్కు పోలేదు, నీ చెవే పోయిందని చెప్పేద్దాం," అన్నాను. నా నెత్తి మీద పడిన దెబ్బలన్నిటికీ ఒకేసారి జమ కట్టే మాట అది. నోట్లో పిప్పరమెంటులా తియ్యగా తిరుగుతోంది.

అమ్మమ్మ నన్ను పైనించి కిందికి చూసింది. "చెప్పి? చెవి తీసేస్తే ఆ మనిషి దగ్గర ఏం మిగులుతుందే? మంచితనమా? మాట తీరా? అందమా? ఉన్న ఒక్కటీ అదే. అదీ లేదని ఆయనకి తెలిస్తే ఇంక ఆ షెడ్డులోంచి బయటికి రాడు."

ఇంతకాలం కాపురం చేసిన మనిషి మొగుడి గురించి ఇంత నికార్సుగా మాట్లాడగా నేను వినలేదు.

ఈలోపు ముందు గదిలో ఫోను మీద తాతయ్య అరుపులు మొదలయ్యాయి. "అన్నయ్యగారూ! తీసేశాను! మీ వల్ల కానిది! ఆఁ, పూర్తిగా!" అటువైపు పెద్ద తాతయ్య కూడా అంతే గట్టిగా అరుస్తున్నాడు. ఫోను లేకపోయినా కొండ మీంచి వినపడేటట్టున్నాయి ఇద్దరి గొంతులూ. "తీసుకురా చూద్దాం! నా చెవితో నేను వింటే గానీ నమ్మను!" అన్నాడు పెద్ద తాతయ్య. "రోడ్డు ఆరనీండి, తెస్తాను! అందరి ముందూ వినిపిస్తాను!" అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ వంటింటి బల్ల మీద కూలబడింది. రోడ్డు ఆరిన రోజున మొగుడు అంత గొప్పగా బండి వేసుకెళ్ళి, అక్కడ బావగారి ముందు స్టార్టు చేస్తాడు. బావగారు ఒక్క క్షణం విని పగలబడి నవ్వుతాడు. ఆ నవ్వులో టిక్కు సంగతే కాదు, చెవి సంగతి కూడా బయటపడుతుంది.

"ఆలోగా నువ్వే దాన్ని తీయించాలి," అంది నాతో.

"నేనా? నాకు జిరాక్స్ మిషన్లో కాగితం ఇరుక్కుంటేనే తీయడం రాదు!"

"నోరు మూసుకుని తీయించు."

తాతయ్య సాయంత్రాలు వాన లేనప్పుడు స్టేషనుకి నడిచి వెళ్తాడు. కొత్త రైళ్ళని చూసి చీదరించుకుని వస్తాడు. ఆ సమయం చూసి మా షాపు ఎదుటి మెకానిక్కుని షెడ్డులోకి తీసుకొచ్చాను. అతను బండి స్టార్టు చేసి, విని, పైమూత విప్పి లోపల టార్చి వేసి చూశాడు.

"ఎవరు చేశారు దీన్ని?" అన్నాడు.

"మా తాతయ్య."

"ఇంత శుభ్రంగా ఉన్న ఇంజన్ నా జన్మలో చూళ్ళేదు. అన్నం పెట్టుకుని తినొచ్చు," అన్నాడు. నాకు కాస్త గర్వంగా అనిపించింది, వెంటనే నా మీద నాకే కోపమొచ్చింది. "కానీ లోపల ఒక ముక్క ఒకవైపు అరిగిపోయింది. అదే ఆ చప్పుడు. బండి తయారు చేసినవాళ్ళే దుకాణం మూసేసి ఎన్నాళ్ళో అయింది. ఆ ముక్క ఎక్కడా దొరకదు. ప్రమాదమేం లేదు, ఇలాగే టిక్కుమంటూ ఇంకో పదేళ్ళు తిరుగుతుంది."

"పోదా?"

"పోవాలంటే చెవులు మూసుకోవాలి," అని నవ్వాడు. అతనికేం తెలుసు, ఆ పని ఎప్పుడో జరిగిపోయిందని.

అతను మూత బిగించి వెళ్ళిపోయాడు. తాతయ్య వస్తూనే షెడ్డులోకి తొంగి చూసి, "నా స్పానరు ఎవరు తిరగేసి పెట్టారు?" అని గర్జించాడు. చెవి పోయింది గానీ కన్ను మాత్రం కాకి కన్ను. నేనే పడేశానన్నాను. ఇక ఆ సాయంత్రం టీ చల్లారేదాకా నాకు ఏమేం రావో విన్నాను.

చేసేది లేక అమ్మమ్మ రెండో ఉపాయం పన్నింది. అక్కకి ఫోను చేసి, గుట్టుగా, చెవి సంగతి చెప్పకుండా, "అక్కా, మేం వచ్చే వేళకి మీ పెరట్లో నీళ్ళ మోటారు వేసి ఉంచవే. గట్టిగా మోగుతుంది కదా," అంది.

"మోటారెందుకే?" అంది పెద్దమ్మమ్మ.

"ఎందుకని అడక్కు. వెయ్యి అంతే."

పెద్దమ్మమ్మ, "అక్కర్లేదులే. వచ్చెయ్యండి," అంది. పక్కనే ఫోనుకి చెవి ఆనించి ఉన్న నాకు ఆ గొంతులో నవ్వో ఏదో వినిపించింది. అమ్మమ్మకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. "ఎంతైనా మొగుడి పక్షమే. అక్కా లేదు, చెల్లీ లేదు," అని ఫోను పెట్టేసింది.

వానలు ఆగాయి. రోడ్డు ముందు నల్లగా, తర్వాత మచ్చలు మచ్చలుగా, ఆఖరికి పూర్తిగా తెల్లగా ఆరింది. తాతయ్య రోజూ వెళ్ళి చెప్పు కాలితో గీకి చూసి వచ్చేవాడు. ఒక ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతి రుమాలుతో ట్యాంకు తుడిచి, "ఎక్కు," అన్నాడు అమ్మమ్మతో. నేను నా స్కూటర్ మీద వెనకాల బయల్దేరాను. నా స్కూటర్ని ఆయన మిక్సీ అంటాడు.

కొండ మలుపులు ఎక్కుతుంటే బండి దాని గొప్పతనం చూపించింది, కాదనను. వయసులో ఉన్న కుర్రాళ్ళ బళ్ళు పక్కనించి దూసుకుపోతుంటే తాతయ్య వాళ్ళకేసి ఒక్క చూపు కూడా పారెయ్యలేదు. వెనక సీటు మీద అమ్మమ్మ హెల్మెట్ పెట్టుకుని, రెండు చేతులా ఆయన చొక్కా పట్టుకుని, బిగుసుకుని కూచుంది. కొండ మీద టీ తాగడానికి ఆగినప్పుడు నా చెవిలో, "దారి పొడుగునా అంటూనే ఉందే, చచ్చినది," అంది.

పెద్ద తాతయ్య వాళ్ళ గేటు తీసే ఉంది. పెరట్లో మోటారు నిశ్శబ్దంగా ఉంది. వీధంతా నిశ్శబ్దంగా ఉంది. పెద్దమ్మమ్మ అరుగు మీద నిలబడి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. అమ్మమ్మ ఆమెకేసి చూసిన చూపుకి వేరే ఎవరైనా అయితే మాడిపోయేవారు.

పెద్ద తాతయ్య కర్ర ఊపుకుంటూ వచ్చాడు. మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు. కుశలం అడగలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ట్యాంకు రంగు పాడు చేశావయ్యా తమ్ముడూ."

"మీరు పట్టించిన తుప్పు గీకితే కింద ఉన్న రంగు అదే అన్నయ్యగారూ."

"ఊఁ. కొట్టు."

తాతయ్య ఒక్క కిక్కు కొట్టాడు. బండి అందుకుంది. గుడగుడగుడ. టిక్ టిక్ టిక్ టిక్.

"అందరూ నోళ్ళు మూసుకోండి," అన్నాడు పెద్ద తాతయ్య, ఎవరూ మాట్లాడకపోయినా. కర్ర గేటుకి ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని, పొడుగు మెడ వంచి ఇంజన్ దగ్గరికి చెవి తెచ్చాడు. ఒక చెవి పెట్టాడు. తిరిగి రెండో చెవి పెట్టాడు. తాతయ్య గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. కింద వేళ్ళు మాత్రం చొక్కా ఆఖరి బొత్తాం తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్నాయి. అమ్మమ్మ పెదాలు కదుల్తున్నాయి. అవతలి ఇంటి గోడ మీద పిల్లి కూడా చెవి రిక్కించి టిక్కుకేసి చూస్తోంది.

పెద్ద తాతయ్య లేచి నిలబడ్డాడు. మొహం ముడుచుకుపోయింది. చటుక్కున నాకేసి తిరిగాడు.

"ఏమ్మా, నీవి కొత్త చెవులు. నువ్వు చెప్పు. ఏమైనా వినపడుతోందా?"

అమ్మమ్మ మొహంలో రక్తం లేదు. నా నోట్లో ఆ పాత పిప్పరమెంటు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. ఒక్క మాట చాలు. బోలు, దండగ, మిషన్ల మధ్యలో ఎందుకే, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క మాట.

అంతలో తాతయ్య అందుకున్నాడు. "దాన్నడుగుతారేం అన్నయ్యగారూ? దాని బుర్ర తట్టి చూసుకోండి కావాలంటే. బోలు."

చూశారా, ఈ మనిషిని కాపాడాలి! ప్రాణం మీదికొచ్చినా నోరు ఊరుకోదు. ఆయనకేసి చూశాను. ముక్కు పక్కన సరిగ్గా కడుక్కోని గ్రీజు చుక్క ఒకటి మిగిలిపోయి ఉంది. ఇస్త్రీ చొక్కా మీద అమ్మమ్మ పట్టుకున్న చోట నలిగిపోయింది.

"నాకు ఇంజనొక్కటే వినపడుతోంది పెద్ద తాతయ్యా," అన్నాను గొంతెత్తి. అబద్ధం కాదు. టిక్కు మాత్రం ఇంజన్ది కాదా?

పెద్ద తాతయ్య కర్ర తీసుకున్నాడు. "సరే. నాకూ అంతే వినపడింది. పోయింది," అన్నాడు, పన్ను పీకించుకున్నట్టు.

తాతయ్య వంగి ట్యాంకు మీద లేని దుమ్ము తుడిచాడు.

అప్పుడు చూశాను పెద్దమ్మమ్మ మొహం. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంటోంది. మొగుడి వీపు వెనకే నిలబడి, మామూలు గొంతుతో, "ఏమండీ, ఇల్లు తగలబడుతోంది," అంది. ఆయన కదల్లేదు. "ఏమండీ, దొంగలొచ్చారు." ఆయన ట్యాంకు రంగు చూసుకుంటున్నాడు. ఆమె అమ్మమ్మకేసి తిరిగి కనుబొమలెగరేసింది. "ఎప్పుడో పోయిందే. మగ్గాలు తినేశాయి. నాలుగేళ్ళుగా వీధిలో ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాను. మోటారు వెయ్యమంటే అందుకే నవ్వొచ్చింది. ఈయనకెందుకే మోటారు?" అంది. ఆ మాటలన్నీ ఆయన చొక్కా కాలరుకి జానెడు దూరంలో అంది.

అమ్మమ్మ మెట్టు మీద కూచుండిపోయింది. "మాదీ అదేనే అక్కా," అంది. ఇక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి, ఒళ్ళంతా ఊగిపోతూ నవ్వారు. నవ్వో ఏడుపో ఎవరికి తెలుసు, రెంటికీ కళ్ళలో నీళ్ళే కదా.

"ఆడవాళ్ళకి ఇంజన్ల గురించి ఏం తెలుసు," అన్నాడు తాతయ్య వాళ్ళకేసి చూసి.

"ఏమీ తెలీదు," అన్నాడు పెద్ద తాతయ్య. పెళ్ళిళ్ళయ్యాక తోడల్లుళ్ళిద్దరికీ ఒక విషయంలో మాట కలవడం అదే మొదటిసారని అమ్మమ్మ తర్వాత చెప్పింది.

తాతయ్య ఆ గడప తొక్కాడు. టీ తాగాడు. కప్పుని గోటితో తట్టి, విని, తృప్తిగా తలూపాడు. ఏం వినపడిందో ఆయనకే తెలియాలి. బయల్దేరేటప్పుడు పెద్ద తాతయ్య గేటు దాకా వచ్చి, బండి మీద చెయ్యి వేసి, పుల్లవిరుపుగా అన్నాడు.

"టిక్కు పోయింది, కాదనను. కానీ ఒక మాట చెబుతాను తమ్ముడూ. అది ఉన్నప్పుడే ఈ బండికి ప్రాణం ఉండేది. చీకట్లో కూడా ఇంజన్ ఎంత జోరు మీదుందో దాన్నిబట్టే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒట్టి మూగది. గుడగుడమంటుంది అంతే. ఇది నా బండిలా లేదు."

"ఓడిపోయినవాళ్ళు అనే మాటలే ఇవి అన్నయ్యగారూ," అన్నాడు తాతయ్య. కొండ దిగేదాకా ఒంటి చేత్తో బండి నడిపాడు. అమ్మమ్మ వెనకనించి వీపు మీద చరిచేదాకా రెండో చెయ్యి హ్యాండిల్ మీద వెయ్యలేదు.

వానలు లేని ఆ నెలలన్నీ అడపాదడపా బండేసుకుని అటు వెళ్ళొచ్చేవాడు. వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్ళు. అరవకపోతే వినపడదు కదా. కానీ షెడ్డులో చెయ్యడానికి పని లేక మనిషి డీలా పడిపోయాడు. మాకున్న గిన్నెలన్నీ మళ్ళీ తట్టేశాడు. ఒకరోజు నాకు ఏమేం రావో చెప్పడం కూడా మర్చిపోతే, నేనూ అమ్మమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మళ్ళీ వానలు పడ్డాయి. మొదటి వానకే దుప్పటి పరిచాడు. జామ్ సీసాల మూతలు వరసగా పెట్టాడు. నేను షాపు నించి వస్తూ షెడ్డు గుమ్మంలో ఆగాను. రేకుల మీద వాన అప్పుడే తెరిపిచ్చింది.

"మళ్ళీ ఎందుకు విప్పావు తాతయ్యా? టిక్కు పోయిందిగా?"

తలెత్తలేదు. "వాడన్నది నిజమేనే."

"ఎవరు?"

"ఇంకెవరు, ఆ పొడుగు మెడ మహానుభావుడు. వాడి జన్మలో ఒక్క నిజం చెప్పాడు. బండి మూగబోయింది. ఎక్కి కూచుంటే ఎవరి బండో ఎక్కినట్టుంది. అది ఉన్నప్పుడే బాగుండేది." మూత బిగిస్తూ మూలిగాడు. "తీసినవాణ్ణి నేనే, మళ్ళీ పెట్టలేనా? పెట్టి, వాడి గుమ్మం ముందుకి తీసుకెళ్ళి వినిపిస్తాను."

ఉన్న టిక్కుని కొత్తగా పెట్టడానికి కూచున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. నవ్వొచ్చింది గానీ, చెప్పులు విడిచి దుప్పటి అంచున కూచున్నాను.

కిక్కు కొట్టాడు. గుడగుడగుడ. స్క్రూడ్రైవర్ ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి నొక్కి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. పిడిని రెండో చెవికి మార్చాడు. కళ్ళు తెరిచి, ఇంజన్ ఆపకుండానే స్క్రూడ్రైవర్ని నాకేసి చాపాడు. నేను పుట్టిన తర్వాత ఆయన పనిముట్టు నా చేతికివ్వడం అదే మొదటిసారి.

"నువ్వు పెట్టి చూడు. ఏమైనా వస్తోందా?"

పిడి ఇంకా వెచ్చగా ఉంది. చెవికి పెట్టుకున్నాను. టిక్ టిక్ టిక్, పక్కన కూచుని చెబుతున్నట్టు.

"వస్తోంది తాతయ్యా," అన్నాను. "సన్నగా. ఇప్పుడిప్పుడే."

"నిజంగానా?"

"నిజంగా. ఆ పైన ఉన్నది ఇంకాస్త తిప్పు."

తిప్పాడు. నా మొహం చూస్తూ తిప్పాడు. నేను తలూపిన చోట ఆపాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని, వేలి కణుపుతో నా నడినెత్తిన రెండు దెబ్బలు తట్టి, తల పక్కకి వంచాడు.

"బుర్ర బోలే," అన్నాడు. "చెవి మాత్రం మా వంశానిదే."